గొట్టం కొలిచాకే తూటా అమ్మే దుకాణం: విజయవాడ వన్‌టౌన్‌లో మా పన్నెండు బోరు తుపాకీకి జరిగిన పరీక్ష

మా తాతయ్య నుంచి నాన్నగారికీ, నాన్నగారి నుంచి నాకూ వచ్చిన పన్నెండు బోరు రెండు గొట్టాల తుపాకీని నిరుడు శీతాకాలంలో విజయవాడ వన్‌టౌన్‌లోని ఒక పాత ఆయుధాల దుకాణానికి తీసుకువెళ్లి, కొలతలు తీయించి, మరమ్మతు చేయించి, దానికి తగిన తూటాలు కొనుక్కున్నాను. గుంటూరులో ఉండే నాకు ఇందుకోసం మూడుసార్లు కృష్ణ దాటి వెళ్లవలసి వచ్చింది. నాన్నగారూ నేనూ కలిసి నలభై ఏళ్లుగా ఈ తుపాకీకి నూనె రాసి, ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో అప్పగించి, మళ్లీ తెచ్చుకుని బీరువాలో పెట్టుకున్నామే తప్ప, దాని ఛాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) ఎంత పొడవో, రెండు గొట్టాల చోకులు (మూతి దగ్గరి బిగువు) ఎంతెంతో ఒక్కసారీ కొలిపించలేదు. లైసెన్సు ఉన్న ఇళ్లలో చాలామంది పరిస్థితి ఇదేనని నాకు తెలుసు కనుక, ఆ దుకాణంలో ఏం చేశారో, ఎంత బాగా చేశారో, ఎక్కడ లోటు కనిపించిందో వివరంగా రాస్తున్నాను.

కౌజుపిట్టల వేట ప్రస్తావన ఇందులో తరచుగా వస్తుంది. ఆ తుపాకీని తయారు చేసింది ఆ తరహా పిట్టల కోసమే. దాని చోకులు, బరువు, గొట్టాల పొడవు అన్నీ పిట్ట ఎంత దూరంలో లేస్తుందన్న లెక్క మీద నిర్ణయమైనవే. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ తరువాత మన దేశంలో సరదా వేటకు చోటు లేదు. కౌజును గాని, పూరేడును గాని, అడవికోడిని గాని కాల్చడం నేరం, అలా ఉండడమే సరైనదని నా అభిప్రాయం. నేను కాల్చింది కాగితాన్ని మాత్రమే.

తాతయ్యది పల్నాడు. జొన్నచేల గట్ల మీదా, కంపచెట్ల మధ్యా కౌజులు గుంపుగా పరుగెత్తి, ఇక పరుగు చాలదనుకున్నప్పుడు ఒక్కసారిగా రెక్కలు బుర్రుమనిపిస్తూ లేచేవని ఆయన చెప్పగా చిన్నప్పుడు విన్నాను. చట్టం వచ్చాక తుపాకీని బట్టలో చుట్టి పైన పెట్టేశారు. ఆయన లెక్కల పుస్తకంలో, పత్తి గింజల ఖర్చుకూ కూలీల జమకూ మధ్య, ఒక పేజీ అంచున “కుడిది దగ్గరికి, ఎడమది దూరానికి. 6 నంబరు చాలు. పెద్ద మందు వద్దు” అని రాసి ఉంది. ఆ మూడు ముక్కల వెనక ఎంత లెక్క ఉందో నాకు వన్‌టౌన్‌లో ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడు గాని తెలియలేదు.

అంతకు రెండేళ్ల ముందు, తుపాకీ నా పేరుకు మారిన కొత్తలో, వేరే ఊరిలోని ఒక దుకాణంలో పాతిక తూటాలు కొన్నాను. ఆ దుకాణం పేరు ఇక్కడ అనవసరం. కౌంటరు దగ్గర ఉన్నాయన లైసెన్సు చూసి, “పన్నెండు బోరే కదండీ” అని ఒక పెట్టె తీసి ఇచ్చారు. తుపాకీ ఎలాంటిదని అడగలేదు, చూడలేదు. రేంజ్‌లో పది కాల్చేసరికి భుజం కమిలింది. ఆ దెబ్బ తుపాకీ స్వభావమనుకుని, మిగిలినవి పక్కన పెట్టాను.

వన్‌టౌన్ దుకాణం ఒక ఇరుకు వీధిలో, నిటారు మెట్ల పైన ఉంది. అక్కడి పనివాడు డెబ్బై దాటిన సాయిబుగారు. తుపాకీ మీది నంబరును లైసెన్సులోని నంబరుతో పోల్చి, మరమ్మతుల పుస్తకంలో రాసుకుని, నా సంతకం తీసుకున్నాకే తొడుగు విప్పారు. ఆయన మొదట అడిగింది తుపాకీ గురించి కాదు. “కాల్చిన డొల్లలేమైనా ఉన్నాయా బాబూ?” అన్నారు. సంచి అడుగున రెండు మిగిలి ఉన్నాయి. ఒకటి తీసుకుని, దాని మూతి అంచు చుట్టూ బొటనవేలి గోరుతో నెమ్మదిగా రాసి, నా చేతికిచ్చి నన్నూ అలాగే రాయమన్నారు. ప్లాస్టిక్ అంచు నున్నగా లేదు. చీపురు పుల్ల చివరలా పీచులు లేచి, ఒకవైపు చిన్న చీలిక కూడా ఉంది. “దీనికి లోపల చోటు చాలలేదు. మీ భుజానికి తగిలింది ఇదే” అన్నారు.

ఆయన చెప్పిన విషయాన్ని పాత తుపాకీ ఉన్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. తూటా పెట్టె మీద 70 మి.మీ. అని ఉంటే, అది కాల్చిన తరువాత డొల్ల పూర్తిగా విచ్చుకున్నప్పటి పొడవు. కాల్చకముందు మూతి లోపలికి మడిచి ఉంటుంది కనుక తూటా అంతకంటే పొట్టిగానే కనిపిస్తుంది. పాత ఇంగ్లిష్ తుపాకులలో ఛాంబర్ 65 మి.మీ., అంటే రెండున్నర అంగుళాలు మాత్రమే ఉండడం మామూలు. అలాంటి దాంట్లో 70 మి.మీ. తూటా ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది, తుపాకీ టక్కున మూసుకుంటుంది, చేతికి ఏ తేడా తెలియదు. కాల్చినప్పుడు మాత్రం మడత విచ్చుకుని డొల్ల మూతి ఛాంబర్ దాటి గొట్టం సన్నబడే చోటికి చొచ్చుకుపోతుంది. దారి ఇరుకై లోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఒకటి రెండుసార్లకు ఏమీ కాకపోవచ్చు. పాతబడిన గొట్టంతో ఆ పని పదేపదే చేయడం మాత్రం ప్రాణంతో చెలగాటమే. నేను పది సార్లు చేశాను.

తరువాత ఆయన గొట్టాలను తుపాకీ నుంచి విడదీసి, కింది కొక్కేన్ని ఒక వేలికి తగిలించుకుని వేలాడదీసి, రెండో చేతి వేలి కణుపుతో మీటారు. గుడిలో చిన్న గంట మోగినట్టు సన్నగా, కొంతసేపు నిలిచిన ధ్వని వచ్చింది. రెండు గొట్టాలను కలిపి ఉంచే పట్టీల టంకం ఎక్కడైనా ఊడితే ఆ మోత మొద్దుబారి, పగిలిన కుండలా వినిపిస్తుందట. ఆ పరీక్షలో మా తుపాకీ నెగ్గింది. ఆ తరువాత గొట్టాలను కిటికీ వైపు ఎత్తి లోపలికి చూశారు, నన్నూ చూడమన్నారు. కుడిది అద్దంలా ఉంది. ఎడమ దాంట్లో మూతికి జానెడు ఇవతల, వెలుగు వలయం ఒకచోట నలిగినట్టు కనిపించింది. ఎప్పుడో కింద పడి ఏర్పడిన సొట్ట అది. బయట నుంచి వేలితో తడిమితే తెలిసీ తెలియనట్టు ఉంటుంది గాని లోపల చూస్తే దాగదు.

గొట్టాల అడుగున, చెక్క తీస్తే గాని కనిపించని చదును భాగం మీద, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ తుపాకుల పరీక్షాశాల ముద్రలు ఉన్నాయి. ఇన్నేళ్లలో మేము వాటిని అలంకారం అనుకున్నాం. సాయిబుగారు భూతద్దంతో వాటిని ఒక్కొక్కటిగా చదివి చెప్పారు: బోరు 12, ఛాంబర్ 2½ అంగుళాలు, పొగరాని మందుతో పరీక్షించినట్టు నైట్రో ముద్ర, గుళ్ల బరువు 1⅛ ఔన్సులకు మించరాదన్న హద్దు. 1⅛ ఔన్సులంటే సుమారు 32 గ్రాములు. పాత పెట్టెలో మిగిలిన తూటాల మీద 36 గ్రాములని ఉంది. పొడవులో ఒక తప్పు, బరువులో ఇంకో తప్పు. జవాబు ఎప్పుడూ తుపాకీ మీదే రాసి ఉంది, చదవగలిగినవారి దగ్గరికి తీసుకువెళ్లక తెలియలేదు.

బోరు అన్న మాటకు అర్థం చాలామందికి తెలియదు కనుక దాన్నీ చెప్పాలి. ఒక పౌండు సీసాన్ని సమానమైన పన్నెండు గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో, అంత లోపలి వ్యాసం ఉన్న గొట్టం పన్నెండు బోరు. ఇరవై గుండ్లుగా పోస్తే ఇరవై బోరు. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది: పన్నెండు బోరు సుమారు 18.5 మి.మీ., పదహారు 16.8, ఇరవై 15.6, ఇరవై ఎనిమిది 14. నాలుగు వందల పది అనేది మాత్రం ఈ లెక్కలోకి రాదు. అది అంగుళంలో వెయ్యో వంతుల కొలత, మి.మీ.లలో 10.4. సన్నటి గొట్టం వల్ల తుపాకీ తేలికవుతుంది, మోసుకు తిరగడానికి హాయి, కాని తూటాలో పట్టే గుళ్లు తగ్గుతాయి. ఒక్కో గుండు దెబ్బలో తేడా ఏమీ ఉండదు. గుళ్ల సంఖ్యలోనే తేడా అంతా. ఇరవై బోరు బలహీనమని అనుకునేవారు ఈ సంగతి గమనించరు.

ఇరవై బోరు తూటాలను ఆయన పన్నెండు బోరువి ఉన్న అలమరలో పెట్టరు, వేరే గదిలో తాళం వేసి ఉంచుతారు. కారణం అడిగాను. పన్నెండు బోరు ఛాంబర్‌లో పొరపాటున ఇరవై బోరు తూటా వేస్తే అది జారి ముందుకు పోయి, ఛాంబర్ దాటాక గొట్టం సన్నబడే చోట ఇరుక్కుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే పేలదు. తూటా వేయలేదేమోననుకుని మనిషి వెనక ఇంకొక పన్నెండు బోరు తూటా వేసి కాలిస్తే గొట్టం ఎడమచేయి ఉన్నచోటే పగులుతుంది. ఇరవై బోరు తూటాల డొల్లలను పసుపు రంగులో చేయడం ఇందుకే. ఆ రంగు కనిపిస్తే చేయి ఆగాలి. దుకాణం శుభ్రంగా ఉందా, లైట్లు బాగున్నాయా అని చూసే నాకు, ఆ తాళం చూశాక దుకాణాన్ని ఏం చూసి నమ్మాలో తెలిసింది.

ఇక చోకులు. గొట్టం మొత్తం ఒకే వ్యాసంలో వచ్చి, మూతి దగ్గర చివరి నాలుగైదు సెంటీమీటర్లలో కొద్దిగా బిగుసుకుంటుంది. ఆ బిగువే చోక్. ఎంత బిగిస్తే గుళ్లు అంత దూరం వరకు దగ్గరదగ్గరగా పోతాయి. కొలిచే పుల్లను మూతిలోంచి లోపలికి దించి సాయిబుగారు చదివిన అంకెలను నా పుస్తకంలో రాసుకున్నాను. రెండు గొట్టాలూ లోపల 18.5 మి.మీ.; కుడి మూతి 18.25, ఎడమ మూతి 17.55. అంటే కుడి చోక్ పావు మిల్లీమీటరు, ఇంప్రూవ్డ్ సిలిండర్ అనే దగ్గరి చోక్. ఎడమది మిల్లీమీటరుకు కొద్దిగా తక్కువ, ఫుల్ చోక్. తేడా 0.7 మిల్లీమీటరు, కంటికి రెండు మూతులూ ఒకటే.

ఈ అంకెలు విన్నప్పుడే తాతయ్య రాసిన మాట నాకు అర్థమైంది. నడిచి వెళ్లే మనిషి ముందు కౌజు లేచేది పదిహేను, ఇరవై గజాల్లో. తుపాకీ భుజానికి చేరేసరికి అది పాతిక గజాల్లో ఉంటుంది. ముందున్న ట్రిగ్గర్ కుడి గొట్టానిది, అది విశాలంగా చల్లుతుంది. తప్పితే, రెండో ట్రిగ్గర్ మీదికి వేలు జరిపేలోగా పిట్ట ముప్పై అయిదు, నలభై గజాలకు పోతుంది. అప్పటికి ఎడమ గొట్టం కావాలి. ఇరవై గజాల్లో ఇంప్రూవ్డ్ సిలిండర్ చల్లే వెడల్పు సుమారు 65 సెం.మీ., ఫుల్ చోక్ చల్లేది సుమారు 40. అంత దగ్గరలో ఎడమ గొట్టం కాలిస్తే తప్పడానికే అవకాశం ఎక్కువ, తగిలితే పావుకిలో పిట్ట ముద్దయిపోతుంది. “కుడిది దగ్గరికి, ఎడమది దూరానికి” అన్న మాట తాతయ్యకు అనుభవంతో వచ్చిందో, ఎవరైనా చెప్పారో తెలియదు గాని, కొలపుల్ల చెప్పిన మాటా అదే.

ఇక్కడే నేనొక పొరపాటు కోరిక కోరాను. మా అమ్మాయి హైదరాబాద్‌లో చదువుకుంటూ స్కీట్ (ఎగిరే మట్టి బిళ్లలను కాల్చే పోటీ) నేర్చుకుంటోంది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో హైదరాబాదీ కినాన్ చెనాయ్ అదే తరహా మరో పోటీ అయిన ట్రాప్‌లో వ్యక్తిగత కాంస్యం, జట్టుతో కలిసి స్వర్ణం గెలిచినప్పటి నుంచి తనకు షాట్‌గన్ మీద మనసు పడింది. స్కీట్‌లో ఎత్తు గూటి నుంచీ, దిగువ గూటి నుంచీ వచ్చే మట్టి బిళ్లలను సుమారు ఇరవై మీటర్లలో కొట్టాలి కనుక ఫుల్ చోక్ దానికి పనికిరాదు. ఎడమ గొట్టం చోక్‌ను లోపల అరగదీసి విశాలం చేయమని అడిగాను. సాయిబుగారు ఒప్పుకోలేదు. “తీయడం ఒక పూట పని బాబూ. తీసిన ఇనుము మళ్లీ పెట్టలేను. ముందు కాగితం మీద కాల్చి, ఎన్ని గుళ్లు ఎక్కడ పడ్డాయో రాసి తీసుకురండి. అప్పటికీ కావాలంటే మాట్లాడదాం” అన్నారు. పని వదులుకునే దుకాణదారు అరుదు. పల్లెల్లో మూతి పగిలిందనో, పొడవెక్కువనో గొట్టం చివర రంపంతో కోయించినవారి తుపాకులను కూడా ఆయన చూపించారు. కోసినప్పుడు చోక్ మొత్తం ఆ ముక్కతోనే పోయింది. పైగా గొట్టాన్ని పొట్టి చేయడానికి ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం ప్రత్యేక లైసెన్సు ఉండాలి.

తూటాల ఎంపికలో ఆయన నా చేత చేయించిన లెక్క ఇంకొకటి ఉంది. తుపాకీని తూకం వేస్తే 2 కిలోల 950 గ్రాములు తూగింది. గుళ్ల బరువుకు తొంభై ఆరు రెట్లు తుపాకీ ఉండాలన్నది ఇంగ్లిష్ తయారీదారుల పాత లెక్క. 28 గ్రాములకు 2 కిలోల 688, 30 గ్రాములకు 2 కిలోల 880. ఇవి రెండూ మా తుపాకీకి సరిపోతాయి. 36 గ్రాములకైతే మూడున్నర కిలోల తుపాకీ కావాలి. “పెద్ద మందు వద్దు” అన్నది దీన్నే. ఆయన 65 మి.మీ. డొల్లలో 28 గ్రాముల 6 నంబరు తూటాలు తెప్పించి ఇచ్చారు. పోల్చి చూసుకోవడానికి 30 గ్రాముల 5 నంబరు పెట్టె ఒకటి. నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది; ఆ నంబర్లలో ఇంగ్లిష్ లెక్కా అమెరికా లెక్కా వేరని కూడా గుర్తుంచుకోవాలి. ఇంగ్లిష్ 6 గుండు 2.6 మి.మీ., ఔన్సుకు 270. అమెరికా 6 గుండు 2.8 మి.మీ., ఔన్సుకు 225. పెట్టె మీది నంబరుతో సరిపెట్టుకోకుండా, మిల్లీమీటర్లు రాసి ఉంటే వాటినే చూడాలి.

ఏడు వారాల తరువాత తుపాకీ చేతికి వచ్చింది. సొట్టను లోపల నుంచి బిళ్ల పెట్టి ఎత్తారు. మళ్లీ కిటికీ వైపు చూస్తే వలయం గుండ్రంగా ఉంది. గొట్టాలకూ యాక్షన్‌కూ (తూటాను పేల్చే యంత్రం ఉన్న భాగం) మధ్య సందు ఏర్పడి తుపాకీ కొద్దిగా కదిలేది, దానికి ఇరుసు మార్చారు. ముందు ఆ సందులో కాగితం ముక్క జారేది, ఇప్పుడు పట్టుకుంటోంది. కర్రకు అవిసెనూనె పట్టించారు, చెప్పకుండానే.

నా లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది కనుక, హైదరాబాద్ శివారులోని ఒక రేంజ్‌లో అనుమతి తీసుకుని కాగితాల మీద కాల్చాను. పద్ధతి ఏమీ కష్టమైనది కాదు, ఓపికే కావాలి. నాలుగడుగుల చదరం కాగితాన్ని నలభై గజాల్లో, అంటే సుమారు 36.6 మీటర్లలో నిలబెట్టి, ఒక్కో కాగితం మీద ఒక్కసారే కాల్చాలి. గుళ్లు బాగా చిక్కగా పడిన చోటును నడిమిగా తీసుకుని 76 సెం.మీ. వ్యాసం గల వృత్తం గీయాలి. వృత్తంలోని చిల్లులు లెక్కపెట్టి, తూటాలోని మొత్తం గుళ్లతో భాగించాలి. ఒక్కో గొట్టానికి ఒక్కో రకం తూటాతో అయిదేసి కాగితాలు. మా అమ్మాయి నేల మీద కూర్చుని, లెక్కపెట్టిన ప్రతి చిల్లునూ స్కెచ్ పెన్నుతో గుర్తుపెడుతూ, సాయంత్రం దాకా అదే పని చేసింది.

28 గ్రాముల 6 నంబరుతో కుడి గొట్టం సగటున 138 గుళ్లను వృత్తంలో వేసింది, అంటే 51 శాతం. ఎడమది 197 వేసింది, 73 శాతం. పుస్తకాల లెక్కలో ఇంప్రూవ్డ్ సిలిండర్‌కు 50, ఫుల్ చోక్‌కు 70 కనుక, కొలపుల్ల చెప్పిందీ కాగితం చెప్పిందీ ఒక్కటే అయ్యాయి. కుడి గొట్టం కాగితాల మీద నలభై గజాల్లో అరచేయి పెట్టేంత ఖాళీలు ఉన్నాయి. కౌజు ఆ ఖాళీలోంచి చెక్కుచెదరకుండా పోగలదు. అదే గొట్టం పాతిక గజాల్లో ఎక్కడా ఖాళీ లేకుండా చల్లింది. 30 గ్రాముల 5 నంబరు సంగతి వేరుగా తేలింది. గుళ్లు పెద్దవి, బరువు ఎక్కువ, ధరా ఎక్కువ, కాని ఎడమ గొట్టం 66 శాతమే వేసింది. మూతి బిగువు మారలేదు, తూటా మారింది. సీసం మెత్తగా ఉంటే గుళ్లు గొట్టంలో నలిగి, వంకరై, పక్కలకు పోతాయి. ఆంటిమొని కలిపి గట్టిపరిచిన గుళ్లు నిలకడగా పోతాయి. గుళ్లను ప్లాస్టిక్ దొన్నెలో పెట్టిన తూటా, ఉన్ని బిళ్ల తూటా కంటే చిక్కగా వేస్తుంది. అందువల్ల చోక్ పేరు ఒక్కటే చూసి తూటా కొనకూడదు. ఈ తుపాకీకి 28 గ్రాముల 6 నంబరే సరైనది, తాతయ్య రాసినట్టే.

ఆ కాగితాలు తీసుకుని మూడోసారి వెళ్లినప్పుడు సాయిబుగారు వాటిని బల్ల మీద పరిచి, ఎడమ చోక్ జోలికి వెళ్లవద్దని తేల్చేశారు. స్కీట్ సంగతి కూడా ఆ రోజే తేలిపోయింది. పోటీల్లో తూటా గుళ్ల బరువు 24.5 గ్రాములు దాటకూడదు కనుక మా 28 గ్రాములు చెల్లవు. పోటీ కోసం మాకు దొరికే 24 గ్రాముల తూటాలన్నీ 70 మి.మీ. డొల్లల్లోనే ఉన్నాయి కనుక మా ఛాంబర్‌లో వేయకూడదు. అమ్మాయి శిక్షణ కేంద్రం తుపాకీతోనే నేర్చుకుంటుంది. నేను కోరుకున్న జవాబు ఇది కాదు. డబ్బు తీసుకుని చోక్ అరగదీసి పంపే దుకాణానికి వెళ్లి ఉంటే మంచి ఎడమ గొట్టం పాడయ్యేది, స్కీట్‌కూ పనికొచ్చేది కాదు.

అమెరికాలో సౌత్ డకోటాలో ఉంటున్న మా మేనల్లుడు అక్కడి లైసెన్సుతో ఫెజెంట్ (కోడి జాతి పక్షి) వేటకు వెళతాడు. వాడి తరఫున ఒక సందేహం అడిగాను: తాతయ్య తుపాకీ లాంటి పాతది అక్కడ కొంటే ఉక్కు గుళ్లు వాడవచ్చా అని. అమెరికాలో నీటిపక్షుల వేటకు 1991 నుంచి సీసం నిషేధం; ఇతర పక్షుల వేటకు కూడా కొన్ని చోట్ల ఆ నియమమే ఉంది. ఉక్కు సీసం కంటే తేలిక, కాబట్టి రెండు నంబర్లు పెద్ద గుళ్లు వాడాలి. గట్టిది, మూతిలో నలగదు, కాబట్టి పాత ఫుల్ చోక్ గొట్టంలో వాడితే మూతి ఉబ్బిపోతుంది. మూతికి మరలతో బిగించే చోకులు ఉన్న ఇరవై బోరు కొత్త తుపాకీ కొనుక్కుని, పూరేడుకు దగ్గరి చోక్, ఫెజెంట్‌కు నడిమి చోక్ మార్చుకోమని చెప్పమన్నారు. వాడు అదే కొన్నాడు.

లోటుపాట్లు కూడా చెప్పాలి. మూడు వారాలన్న పని ఏడు వారాలు పట్టింది. మధ్యలో ఫోన్ చేస్తే ఎత్తేవారు లేరు. తీసిన కొలతలను అచ్చు కాగితం మీద ఇవ్వరు, మనమే రాసుకోవాలి. ఇంత విలువైన సమాచారాన్ని దుకాణం ముద్రతో ఇస్తే వారసులకు పనికొస్తుంది. కార్డు తీసుకోరు. 65 మి.మీ. తూటాలు ఎప్పుడూ నిల్వ ఉండవు, చెప్పి తెప్పించుకోవాలి, మా పెట్టెలకు నెల పట్టింది. మోకాళ్ల నొప్పులున్నవారికి ఆ మెట్లు కష్టం. అన్నిటికంటే బాధ కలిగించేది, ఆయన దగ్గర పని నేర్చుకునేవారు ఎవరూ కనిపించకపోవడం.

సొట్ట, ఇరుసు, కొలతలు, శుభ్రం అన్నీ కలిపి 7,800 రూపాయలు అయింది. తూటాల ధర వేరు. కొలతలకు మాత్రమే వెళితే 500 తీసుకుంటారు, ఆ పని మన ముందే అరగంటలో అవుతుంది. వెళ్లేవారు అసలు లైసెన్సు పుస్తకం, దాని నకలు, తూటాలు తీసేసి తొడుగులో పెట్టిన తుపాకీ, వాటితోపాటు ఇంతకుముందు కాల్చిన డొల్లలు ఉంటే రెండు మూడు తీసుకువెళ్లండి. శుక్రవారం మధ్యాహ్నం దుకాణం మూసి ఉంటుంది. నా దగ్గర మిగిలిన పదిహేను పాత తూటాలను సాయిబుగారు వెనక్కి తీసుకోలేకపోయారు గాని, పెట్టె మీద ఎర్ర సిరాతో “ఈ తుపాకీకి కాదు” అని రాసి ఇచ్చారు. దాన్ని అలాగే బీరువాలో, తుపాకీకి దూరంగా పై అరలో ఉంచాను. వచ్చే నెల లైసెన్సు పునరుద్ధరణకు వెళ్లినప్పుడు అధికారులకు అప్పగిస్తాను.